కప్పు వద్దంటుంది

మా బాపు గోదావరిఖనిలో మైనింగ్ సర్దార్. బొగ్గుబాయిలోకి దిగాక నెత్తిమీది కప్పును కర్రతో కొట్టి చెవొగ్గి వినడం ఆయన పని. గట్టి కప్పు ఖంగుమంటుంది, పొర విడిచిన చోట డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికితే టబ్బులు నిండకున్నా సరే, అటు ఎవర్నీ పోనిచ్చేవాడు కాదట. "నేను వద్దంటలేను, కప్పు వద్దంటుంది" అనేవాడట.

ఆ మనిషే ఇంటికొచ్చాక ఎవరికీ కాదనలేకపోయేవాడు. ఎవరో ఫైనాన్స్ కాగితం పట్టుకొచ్చి "అన్నా, నువ్వు జమానతు పెడితెనే ఇస్తరట" అంటే చాయ్ చల్లారకముందే సంతకం పడేది. ఒకాయన ఎగ్గొడితే మూడేళ్లు కిస్తీలు మేమే కట్టాం. ఆ మూడేళ్లూ అమ్మ కొత్త చీర కొనలేదని నాకు పెళ్లయ్యాక గానీ తెలియలేదు.

బాయిలో అంత ఖరాఖండిగా ఉండే మనిషి ఇంట్లో ఎందుకట్లా? బాయిలో ఆయన చూపించడానికి కప్పుంది. ఇంట్లో లేదు. అక్కడ కాదంటే ఆ మాట రాయిది కాదు, ఆయనదే.

నేను హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తాను. ఆదివారం పొద్దున్నే ఫోన్: "ఒక్క గంట పని మేడమ్". నాకూ బాపు జబ్బే. మరీ తప్పించుకోవాల్సి వస్తే బాబుకి జ్వరమనేదాన్ని. పాపం వాడికి ఎన్ని జ్వరాలో, అన్నీ ఆదివారాలే. ఇప్పుడనిపిస్తుంది, అది నేను అరువు తెచ్చుకున్న కప్పు.

భూగర్భంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని వద్దని 1952 గనుల చట్టం చెప్పింది. వారానికో రోజు సెలవంది, ఎక్కువ చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వమంది. గీత అట్లా ఒకసారి గీసి ఉంటే మనిషి రోజూ విడిగా మొహమాటపడక్కర్లేదు. మా గీత మేమే గీసుకోవాలి, అదీ పొద్దున గీస్తే సాయంత్రానికి చెరిగిపోయేది.

2003 జూన్ 16న ఖనిలోని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ తర్వాత ఫస్ట్ షిఫ్టు విడిచాక బాపు అరగంట ఆలస్యమైతే అమ్మ క్వార్టర్ ముందుకొచ్చి నిలబడేది. ఆయనేమో హోటల్లో కూర్చొని ఎవరికో దరఖాస్తు రాసిపెడుతుండేవాడు. ఆ అరగంట ఎవరిదో బాపు ఎన్నడూ లెక్క వేయలేదు.

బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గంతా ఒకేసారి తీయరు. దారులు తవ్వుకుంటూ మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలిపెడతారు. అవీ మంచి బొగ్గే, అయినా ముట్టరు. చివర్న వెనక్కొస్తూ ఆ పిల్లర్లూ తీస్తారు. వెనక కప్పు కూలుతుంది, కూలనిస్తారు. అక్కడ మనుషులుండరు కాబట్టి. బాపు అడిగినవాళ్లకల్లా పిల్లర్లు తీసి ఇచ్చాడు, లోపల మేముండగానే.

అట్లాగని ఆయన్ని తప్పుపట్టి ఊరుకోలేను. ఆ సంతకాల్లో ఒకటి ఒకరి బిడ్డ పెళ్లి జరిపించింది. ఆమె ఇప్పటికీ దసరాకు వచ్చి బాపు చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కుతుంది. ఆ సంతకం ఏ లెక్కలో వేయాలో లెక్కలు చూసే నాకే తెలియదు.

మొన్న ఖనికి పోయినప్పుడు మళ్లీ ఫోన్ వచ్చింది. "ఈ రోజు కుదరదు సార్" అన్నాను. అవతల కారణం కోసం ఆగారు. నేనూ ఆగాను. జ్వరం నాలుక చివరిదాకా వచ్చింది. "సరే, ఇంకెవరినైనా చూస్తా" అని పెట్టేశారు.

మంచం మీంచి బాపు అడిగాడు. "ఏమన్నడు బిడ్డా?"

"వేరేటోళ్లను చూసుకుంటడట బాపూ."

"అంతేనా?" అన్నాడు.