ఒంటికి సరిపడు వస్త్రము

క్రిస్మసు దగ్గరపడిన కొలది మన గ్రామములనుండి పట్టణమునకు పోవు బస్సులలో స్త్రీలు నిండుగా కనబడుదురు. తమకు చీరలు, పెద్దపిల్లలకు పంజాబీ డ్రెస్సులు, చంటిపిల్లలకు గౌనులు కొనుటకు పోవుచుందురు. సాయంకాలము తిరిగివచ్చునప్పుడు చేతులలో సంచులుండును గాని ముఖములలో సంతోషము తక్కువ. "దొరికిందా వదినా?" అని ఇరుగుపొరుగువారు అడిగినయెడల, "ఆఁ, దొరికిందిలే, ఏదో ఒకటి" అందురు. ఈ "ఏదో ఒకటి" అను మాటను గూర్చియే ఈ నెల మీతో కొంచెము మాటలాడ గోరుచున్నాను.

భక్తి విషయములు వ్రాయు పత్రికలో రవికలను గూర్చి, అంగీలను గూర్చి వ్రాయుటేమి అని పెద్దలు కొందరు అడుగవచ్చును. అట్టివారు నిర్గమకాండము ఇరువది యెనిమిదవ అధ్యాయమును నెమ్మదిగా చదువవలెనని మనవి. యాజకుని నిలువుటంగీకి మెడ ఎక్కడ తెరువవలెనో, ఆ మెడ చినుగకుండ దాని అంచును ఎట్లు గట్టిగా నేయవలెనో, లోపలి నార లాగులు నడుమునుండి ఎంతవరకు ఉండవలెనో దేవుడే మోషేకు చెప్పెను. సీనాయి కొండమీద ఆజ్ఞలిచ్చిన దేవుడు మెడపట్టీని గూర్చి మాటలాడుట తనకు తక్కువ అని తలంచలేదు. ఏదెను తోటలో మన ఆది తలిదండ్రులు ఆకులు కుట్టుకొని కట్టుకొనగా, వారిని వెళ్లగొట్టకముందు వారికి చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగించినవాడు ఆయనే గదా. శిక్షతోబాటు ఒంటికి గుడ్డ కూడ ఇచ్చెను.

ఇప్పుడు అంగడికి పోదము. పురుషులైన చదువరులు ఇక్కడ పేజీ త్రిప్పివేయవద్దు. బేరములో మీ డబ్బు కూడ ఉన్నది.

నలువది యేండ్ల సహోదరి యొకతె వచ్చి, "ఆదివారము గుడికి వేసికొనుటకు ఒక సాదా టాపు కావలెను. మెడ మరీ క్రిందికి ఉండరాదు, చేతులు మోచేతివరకు రావలెను, గుడ్డ పలుచన కారాదు, చెమ్కీలు వద్దు" అని అడుగునని అనుకొనుడి. అడిగినది నాలుగు మాటలే. కొట్టువాడు పరుపుమీద ముప్పది టాపులు పరచును. ఒకదానికి ఛాతీమీద అద్దములు, ఇంకొకదానికి వీపున దారముల ముడులు. ఒకటి చేతులు లేనిది. చేతిగుడ్డ లోపల ఉన్నది, మీరే కుట్టించుకొనవలెనట. ఇంకొకటి సాదాగానే ఉన్నది గాని వెలుతురునకు ఎత్తి పట్టినచో అవతలి మనిషి కనబడును. చివరకు మంచిది ఒకటి దొరికినది. భుజము జారుచున్నది. దానికన్న చిన్నది తెమ్మనగా అది ఛాతీకి బిగిసినది. "వేసి చూచుటకు చోటు లేదమ్మా, ఇంటికి పోయి చూచుకొనుడి" అనును. రశీదుమీద మాత్రము కొన్నది వాపసు తీసికొనబడదని అచ్చు వేసి ఉండును.

ఇది ఎందుకు ఇట్లున్నది? వ్యాపారులందరు దుర్మార్గులు కారు. పనిలోనే ఇక్కట్టు ఉన్నది. కార్మాగారములలో ఒక మధ్యరకపు కొలతకు కాగితపు నమూనా తయారుచేసి, దానినే అన్ని వైపుల కొంచెము పెంచి పెద్ద సైజు, కొంచెము తగ్గించి చిన్న సైజు చేయుదురు. లావు పెరిగిన స్త్రీకి ఛాతీ, నడుము పెరుగును గాని భుజముల ఎముకలు అదే లెక్కన పెరుగవు. నమూనాలోనైతే భుజము కూడ పెరుగును. అందుచేత ఎక్సెల్ అని వ్రాసిన అంగీ లావుపాటి తల్లికి ఛాతీ దగ్గర సరిపోయి భుజము దగ్గర వ్రేలాడును. ఇక గుడ్డ సంగతి. అంగీ ఖర్చులో గుడ్డ పాలు పెద్దది గనుక కుట్టు లోపల వదలవలసిన గుడ్డను దారమంత సన్నము చేయుదురు. మన ఊరి దర్జీ రవిక కుట్టునప్పుడు ఇరుప్రక్కల రెండు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి ఉంచును. కాన్పు తరువాత ఒళ్లు చేసినను కుట్టు విప్పి వదులు చేసికొనవచ్చును. రెడీమేడులో విప్పుటకు ఏమియు మిగులదు.

చెమ్కీలు, పూసలు ఎందుకు? నేననుకొనునది ఇది: సాదా వస్త్రములో తప్పు దాగదు. వంకర కుట్టు, పలుచని గుడ్డ, పొట్టి చేయి వెంటనే బయటపడును. పూసలు కుట్టినచో కన్ను అక్కడికి పోవును, ధర కూడ పైకి పోవును. సాదాదనము చౌక అని మనము తలంచెదము. నిజముగా అది కష్టమైన పని.

అమెరికా దేశములో 1939-40 సంవత్సరములలో ప్రభుత్వ వ్యవసాయ శాఖవారు ఈ చిక్కును తీర్చదలచి దాదాపు 15,000 మంది స్త్రీలను, ఒక్కొక్కరిని 59 చోట్ల కొలిచిరి. 1941లో ఆ లెక్కలు అచ్చువేసిరి. తెల్లజాతి స్త్రీల కొలతలే లెక్కలోనికి వచ్చెను, మిగిలినవారివి విడిచిపెట్టబడెను. 1958లో వాటినిబట్టి సైజులకు ఒక ప్రమాణము ఏర్పరచిరి. అది నిలువక 1983లో తీసివేయబడెను. అప్పటినుండి ఒక కంపెనీ పండ్రెండు ఇంకొక కంపెనీ పదునాలుగు. మన దేశములో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీవారు 25,000 మంది భారతీయులను కొలిచెదమని 2019 నాటికి ప్రకటించిరి. కొలుచు పట్టణములలో హైదరాబాదు ఒకటి. మంచిపనియే. అయినను తెల్లవారకముందే లేచి మిరపకోతకు పోవు మన సహోదరి ఒళ్లు ఆ పట్టికలలో ఏ వరుసలో పడునో!

ఆ సహోదరిని గూర్చి ఒకమాట. పత్తి తీయు కాలమున, మిరప కోయు కాలమున మన పొలములలో చూడుడి. స్త్రీలు చీరపైన పెనిమిటి పాత చొక్కా తొడుగుకొందురు. పొడవు చేతులు గనుక ఎండనుండి, ఆకు దురదనుండి కాపాడును. ముందు గుండీలు గనుక సులువుగా విప్పవచ్చును. జేబులో చిల్లర, ఫోను పట్టును. ఆమె పనికి అన్ని విధముల తగిన ఆ వస్త్రము స్త్రీల అరలో అమ్మబడదు. ఆమెకు తగినది కావలెనన్న మగవాడు విడిచినదానిని తీసికొనవలెను.

ఇక అసలు ప్రశ్నకు వచ్చెదము. ఒంటికి సరిపడు వస్త్రమును కోరుట డంబమా? మన సంఘములలో స్త్రీల అలంకారమును గూర్చిన ప్రసంగములు ఏడాదికి ఒకటి రెండైనను వినుచుందుము. పేతురు, పౌలు వ్రాసిన హెచ్చరికలు అందరికి కంఠపాఠమే. అవి సత్యమైన హెచ్చరికలు, వాటిలో ఒక్క మాటను తగ్గించుట నా పని కాదు. అయితే అణకువగల వస్త్రము ధరింపుమని బోధించు మనము, అది ఏ అంగడిలో ఏ ధరకు దొరుకునో ఒకసారియైనను విచారించితిమా? లోతు మెడలు, పలుచని గుడ్డలే అమ్ముచుండగా కొనుక్కొన్న పిల్లనుమాత్రము సంఘములో చూపులతో శిక్షించుచున్నాము. ఆమె మూడు కొట్లు తిరిగినది మనకు తెలియదు.

డంబమును ఎట్లు గుర్తింపవలెను? డంబము ఇతరుల కన్నులకొరకు ధరించును. తగిన కొలత అట్టిది కాదు. సరిగా అమరిన రవికను వేసికొన్న స్త్రీ దానిని వేసికొన్నట్టే మరచిపోవును. సరిపడని రవిక వేసికొన్న స్త్రీ దానిని ఒక్క క్షణమైనను మరువలేదు. ఆరాధనలో చూడుడి, ప్రియ సహోదరులారా! చేతులెత్తి స్తుతింపుడని పాస్టరుగారు చెప్పగా ఒకతె చేతులు సగమే లేచును, చంకలో కుట్టు పట్టుచున్నది గనుక. మోకరించుటకు వంగునప్పుడు ఒక చేయి మెడదగ్గర ఉండును. ప్రసంగమంతయు పైట సవరించుకొనుటతోనే గడచును. ప్రభువు వస్త్రములనుగూర్చి చింతింపవద్దనెను. అవి మనకు కావలెనని తండ్రికి తెలియుననికూడ ఆయనే చెప్పెను. చింత లేకుండ ఉండవలెనన్న ఆ తల్లికి ముందుగా చంక కొంచెము వదులు కావలెను.

దావీదు సంగతి జ్ఞాపకము తెచ్చుకొనుడి. సౌలు రాజు తన కవచమును, తన శిరస్త్రాణమును ఆ పిల్లవానికి తొడిగించెను. రాజు వస్త్రమది, విలువైనది. దావీదు నాలుగడుగులు వేసి చూచి, వీటితో నడువలేనని విప్పివేసెను. గొల్యాతు ఎదురుగా ఉండగా కొలత చూచుకొనుటేమి అని అతనిని ఎవరును నిందింపలేదు. అతనిలో డంబమున్నదని ఏ ప్రసంగీకుడును చెప్పగా నేను వినలేదు. మన కుమార్తె అదేమాట అనినయెడల, "నీకన్నీ వంకలే" అందుము.

అంతకన్న నన్ను బాధించు సంగతి ఒకటి యున్నది. అంగీ పట్టనప్పుడు పురుషుడు అంగీని తిట్టును. స్త్రీ తన ఒంటిని తిట్టుకొనును. "నా ఒళ్లే ఇట్లాంటిది, నాకేదీ సరిపోదు" అని నలుగురు బిడ్డలను కని పెంచిన తల్లులు సిగ్గుతో చెప్పుచుందురు. ఆ ఒంటిని చేసినవాడెవడు? విశ్రాంతిదినమునకును మనుష్యునికిని ఏది దేనికొరకు కలిగెనో ప్రభువు పరిసయ్యులకు బోధించెను. గుడ్డ విషయములో ఆ పాఠమును మనము తలక్రిందులు చేసితిమి. ఎక్కడనో ఒక బల్లమీద కత్తిరింపబడిన కాగితము దేవుడు చేసిన దేహమునకు తీర్పు తీర్చుచున్నది, ఆ తీర్పును మన తల్లులు తలవంచి ఒప్పుకొనుచున్నారు.

వస్త్రమును గూర్చిన అవమానము క్రైస్తవ సంఘమునకు క్రొత్తది కాదు. తిరువాన్కూరు సంస్థానములో నాడారు కులపు స్త్రీలు ఛాతీ కప్పుకొనరాదను కట్టుబాటుండెను. సువార్తను నమ్మినవారు రవికలు తొడుగుకొనగా వాటిని చింపివేసిన దినములున్నవి, గుడులు కాల్చిన దినములున్నవి. పోరాటము ఏండ్లతరబడి సాగి, 1859 జూలై 26న రాజు ప్రకటన వెలువడెను. అదికూడ పైకులముల స్త్రీలవలె ధరింపరాదను నిబంధనతోనే. ఒక రవికకొరకు అంత శ్రమపడిన వారి సహోదరీలము మనము. రవిక అల్పమైన సంగతి అని మనము అనవచ్చునా?

ప్రభువు ధరించిన అంగీయును జ్ఞాపకము చేసికొందము. పైనుండి క్రిందివరకు కుట్టులేక నేయబడినది. దానిమీద బంగారమున్నట్టు, పూసలున్నట్టు సువార్త చెప్పలేదు. అయినను సిలువయొద్ద నున్న కఠినులైన సైనికులుకూడ దానిని చింపుటకు మనసొప్పక చీట్లు వేసికొనిరి. సాదాగా, గట్టిగా, నేర్పుతో చేయబడిన వస్త్రము ఎట్టిదో వారికి తెలిసెను.

మన సంఘములు ఏమి చేయగలవు? పెద్ద పెద్ద కార్మాగారములను మనము మార్చలేము. కాని ప్రతి ఊరిలోను కుట్టుమిషను త్రొక్కు సహోదరి ఒకతె ఉన్నది. ఆమెకు మనము చేయునదేమి? డిసెంబరు ఇరువదవ తేదీన గుడ్డ తెచ్చి, ఇరువది నాలుగవ తేదీకి కావలెనందుము. కుట్టుకూలి మరుసటి నెల ఇచ్చెదమందుము. పట్టణములో అద్దముల టాపునకు అడిగినంత ఇచ్చినవారు ఈమెతో ఇరువది రూపాయలకు బేరమాడుదురు. కూలివాని కూలి సూర్యుడు క్రుంకకముందే ఇయ్యవలెనను ధర్మశాస్త్రము కుట్టుకూలికి వర్తింపదా?

విధవరాండ్రకు క్రిస్మసు చీరలు పంచు సంఘములు అనేకము గలవు. దేవుడు వారిని దీవించునుగాక. ఒక సంగతి మాత్రము విచారింపుడి. చీర ఇచ్చితిమి. రవికకు లైనింగు, హుక్కులు, కుట్టుకూలి ఎవరు ఇత్తురు? ఆ డబ్బు లేక ఆ చీర పెట్టెలోనే ఉండుటను నేనెరుగుదును. ఆ అవ్వ పండుగనాడు పాత చీరతోనే వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపించినవి ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములు. ఆమె వారితో ఉన్నప్పుడు కుట్టెనని లేఖనము చెప్పుచున్నది. దగ్గర నుండినది గనుక ఎవరి భుజమెంతయో, ఎవరి చేయి ఎంత పొడవో ఆమెకు తెలిసియుండును. సమూయేలు తల్లి హన్నాయు అంతే. కుమారుడు దూరముగా షిలోహులో పెరుగుచుండగా ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. నిరుటి కొలత ఈ యేడు పనికిరాదని తల్లికి తెలియును.

కాబట్టి స్త్రీల సమాజపు అక్కలకు నా మనవి. అక్టోబరు నెల కూటములోనే కొలత టేపు ఒకటి తెప్పించుడి. పంచబోవు ప్రతి చీరకు కుట్టుకూలికూడ చేర్చి చందా వేయుడి. విధవరాండ్రలో ఎవరికైనను సరిగా అమరిన పాత రవిక ఉన్నయెడల దానిని ఆదిగా తెమ్మని చెప్పుడి. అట్టిది ఒక్కటియు లేదని చెప్పువారు కొందరు ఉందురు. వారిని ముందు కొలువుడి.