ఏటి నడుమ నేల



ధమ్మ బంధువులారా, మన విహారాల గోడల మీద, పెళ్లి కార్డుల మీద కూడా "అత్త దీప భవ" అని రాసుకుంటున్నాం. నీకు నువ్వే దీపం కమ్మని అర్థం చెప్పుకుంటున్నాం. ఆ అర్థం తప్పనను. కానీ పాళీలో 'దీప' అనే మాటకు దీపం అనే కాదు, ద్వీపం అని కూడా అర్థం ఉంది. నీళ్ల నడుమ మునగని నేల. పాత అట్టకథల్లో ఈ రెండో అర్థమే తీసుకున్నారు. వరదలో కొట్టుకుపోయేవాడికి ముందు కావాల్సింది కాలు ఆనే చోటు గదా!

ఆ అర్థం నాకు పుస్తకం చదివితే ఎక్కలేదు, ఒక లంక మీద ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కింది. లావోస్ దేశం దక్షిణపు కొసన, కంబోడియా సరిహద్దు దగ్గర, మెకాంగ్ నది పాయలు పాయలుగా చీలిపోతుంది. ఆ చోటి పేరు సీ పాన్ దోన్, అంటే నాలుగు వేల దీవులు. మన గోదారి లంకలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నకసాంగ్ రేవులో సన్నపాటి మోటారు పడవ ఎక్కి దోన్ దెత్ అనే లంకకు పోయాను. వీపున ఒక సంచి, తోడు ఎవరూ లేరు. ఏటి ఒడ్డున చెక్క గుడిసె, పరుపు, దోమతెర, వసారాలో ఒక ఊయల. అంతే. నిషా కోసమే అక్కడికి వచ్చే కుర్రాళ్లూ ఉన్నారు, ఆ సంగతి దాచను. అయిదో శీలం పట్టుకున్నవాడికి సాయంత్రాలు కాస్త పొడుగ్గానే గడుస్తాయి.

గుడిసె ఇచ్చిన అవ్వ నా పేరు, పాస్‌పోర్టు నంబరు రాసుకుని తాళం చేతిలో పెట్టింది. నేను అలాగే నిలబడ్డాను. రెండో ప్రశ్న కోసం చూస్తున్నానని నాకే తర్వాత తెలిసింది. "మీరేమిట్లు?" అనే ప్రశ్న. అది రాలేదు. 1901లో బాబాసాహెబ్ తొమ్మిదేళ్ల పిల్లవాడు. తండ్రిని చూడటానికి అన్నతో కలిసి రైలు దిగితే, కులం తెలిశాక ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి తాగడానికి నీళ్లు దొరకలేదు. పెద్ద చదువులు చదివి వచ్చాక కూడా బరోడాలో ఇల్లు దొరక్క, పేరు మార్చుకుని పార్సీ సత్రంలో తలదాచుకుంటే అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. మనవాళ్లకు ప్రయాణం అంటే ఏనాడూ వట్టి ప్రయాణం కాదు.

అయితే అడగనివాళ్ల మధ్యకు పోయినంత మాత్రాన ప్రశ్న పోయిందా? లేదు. మూడో రోజు ఊయలలో పడుకుని చూస్తే నా తలలో ఇల్లు అద్దెకివ్వననిన మనిషి ఉన్నాడు, ఆఫీసులో వెకిలిగా నవ్విన మనిషి ఉన్నాడు. సంచిలో లేని బరువంతా తలలో ఉంది.

థేర అనే పేరుగల భిక్షువు కథ మీరు వినే ఉంటారు. ఒంటరిగా ఊళ్లోకి పోతాడు, ఒంటరిగా తిరిగొస్తాడు, ఒంటరిగా కూచుంటాడు, ఒంటరితనమే గొప్పదని అందరికీ చెప్తాడు. తథాగతుడు ఆయన్ని పిలిపించి అడిగాడు. తిట్టలేదు. అదీ ఒక ఏకాంతమేనని ఒప్పుకుని, దానికంటే లోతైనది ఇంకొకటి ఉందన్నాడు. గడిచినదాన్ని వదలడం, రాబోయేదాని మీద ఆశ వదలడం, ఇప్పుడున్న దాని మీద తృష్ణ వదలడం. వదలడం అంటే అవమానాన్ని క్షమించి ఊరుకోమని కాదు బాబూ! దాని మీద కేసు వెయ్యి, పోరాడు. రాత్రిపూట మాత్రం దాన్ని నీ పక్కలో పడుకోబెట్టుకోకు.

ఇంకో మాట. నాలుగు రోజులు గుడిసెలో ఉండి "ఇంత తక్కువతో బతకొచ్చు గదా" అనుకోవడం సులువు. మా అమ్మ నలభై ఏళ్లు ఫ్యాను లేని ఇంట్లోనే బతికింది. దాన్ని సంతుష్టి అంటే నేను ఒప్పుకోను. బుద్ధుడు పేదరికాన్ని పొగడలేదని బాబాసాహెబ్ గట్టిగా రాశారు. వదులుకోవడానికి ముందు చేతిలో ఉండాలి. ఉన్నవాడు కోరి తగ్గించుకుంటే అది శీలం, లేనివాడికి దక్కకుండా చేస్తే అది అన్యాయం. ఈ తేడా మన పిల్లలకు చెప్పకుండా నిరాడంబరత గురించి ప్రవచనాలు చెప్పొద్దని నా మనవి.

దోన్ దెత్‌కూ పక్కనున్న దోన్ ఖోన్‌కూ మధ్య ఒక పాత వంతెన ఉంది. జలపాతాల దగ్గర పడవలు ఆగిపోతుంటే సరుకు దాటించడానికి ఫ్రెంచివాళ్లు వేసిన రైలు వంతెన. రైలు ఏనాడో పోయింది, ఇప్పుడు జనం నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. తెల్లవారుజామున అది దాటి విహారం వైపు పోయాను. భిక్షువులు వరుసగా వస్తున్నారు, ఆడవాళ్లు మోకాళ్ల మీద కూచుని వెదురు బుట్టల్లోంచి జిగురన్నం తీసి పాత్రల్లో పెడుతున్నారు. నా సంచి చిన్నదని నాకు లోలోపల గర్వం ఉండేది. వినయం ప్రకారం భిక్షువుకి ఉండేవి ఎనిమిదే: మూడు చీవరాలు, పాత్ర, కత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడగట్టే గుడ్డ. నా గర్వం అక్కడే దిగిపోయింది.

కానీ నన్ను ఆపేసింది ఆ లెక్క కాదు. భిక్షువు అన్నం దాచుకోకూడదు, రేపటికి ఉంచుకోకూడదు. అంటే ఎంత ఏకాంతవాసి అయినా తెల్లారితే మనుషుల గుమ్మాల ముందుకు రావాల్సిందే. ఏకాంతం మనుషుల నుంచి తెగిపోకుండా తథాగతుడు ఆకలితోనే ముడివేశాడు. భిక్షువు తన కోసం సాధన చేసుకునే పరిపూర్ణుడా, సమాజ సేవకుడా అని బాబాసాహెబ్ వేసిన ప్రశ్నకు ఆ వంతెన అవతల నాకు జవాబు కనబడింది. ఇద్దరు ఒకే దారిన పోవద్దని భిక్షువుల్ని విడివిడిగా పంపింది కూడా బహుజనుల మేలు కోసమే గదా. ఒంటరిగా నడవమన్నాడు, జనం దగ్గరికి నడవమన్నాడు.

బేలువ గ్రామంలో వానాకాలం జబ్బుపడి లేచాక, ఎనభై ఏళ్ల వయసులో, ఆనందుడికి ఆయన చెప్పిన మాట ఈ 'దీప' మాటే. నా తర్వాత ఎవరి మీదా ఆధారపడకుండా మీలోనే, ధమ్మంలోనే నేల వెతుక్కోండని.

ఆరో రోజు పొద్దున సంచి సర్దుకుని పడవెక్కాను. అవతలి రేవుకు కూరగాయలు తీసుకెళ్తున్న ఇద్దరు ఆడవాళ్లు, ఒక పిల్ల సామణేరుడు. వాళ్లు జరిగి నాకు చోటిచ్చారు. ఆ ఆదివారం మన విహారంలో పిల్లల క్లాసు ఉంది, దానికి అందుకోవాలి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!