మా జేజి ఇట్ల ఏడ్వలేదు

"మేడం, పది నిమిషాల్లో అయిపోయే మోనో యాక్షన్ ఏదైనా చెప్పండి. ఆడపిల్ల చేసేది. బాగా ఏడ్చే సీను ఉంటే ప్రైజ్ వస్తాది."

పోటీల కాలం వచ్చిందంటే ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కాలేజీల్లో పనిచేసే అమ్మాయిలు చేస్తారు. వాళ్ళలో చాలామంది ఒకప్పుడు నా విద్యార్థినులే. మార్చి 8 దగ్గర పడితే మహిళా సంఘాల వాళ్ళు ఒక నాటిక కావాలంటారు. ఎక్కువ మంది ఆడవాళ్ళుండాలి, సెట్టింగు ఖర్చు ఉండకూడదు, గంట దాటకూడదు. 30 ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, నాటకాలంటే ఇష్టమున్నదాన్ని కాబట్టి ఏదో ఒకటి చెబుతానని వాళ్ళ నమ్మకం. చాలాకాలం వెంటనే చెప్పేదాన్ని. ఇప్పుడు రెండు రోజులు టైమ్ అడుగుతున్నాను. ఆ రెండు రోజులు ఎందుకో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

కొన్నేళ్ళ కింద డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయికి నేనే రాసిన ఏకపాత్ర ఇచ్చాను. ఫ్యాక్షన్లో భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి కథ. శవం ఇంటి ముందుకు వస్తుంది, ఆమె గుండెలు బాదుకుంటుంది, గాజులు పగలగొట్టుకుంటుంది, రెండు వర్గాలనూ శపిస్తుంది, చివర కొడుకు చేతిలోని కొడవలి లాక్కుంటుంది. ఆ అమ్మాయిది జమ్మలమడుగు వైపు పల్లె. గొంతు బాగుంటుంది, యాస సహజంగా పలుకుతుంది. రెండుచోట్ల ప్రైజులొచ్చాయి. ప్రొద్దుటూరులో మూడోసారి చేసినప్పుడు వాళ్ళ జేజి చూడటానికి వచ్చింది.

అంతా అయ్యాక ఆ పెద్దావిడ నా పక్క కుర్చీలో కూర్చుంది. "ఇది రాసింది నువ్వేనంట గదమ్మా" అంది. అవునవ్వా అన్నాను, మెచ్చుకుంటుందనుకుని. "మా ఇంట్లో శవాన్ని దించినప్పుడు నేను ఏడ్వలేదు. ఏడిస్తే అవతలోళ్ళకు వినపడతాది గదా. పొయ్యి కాడ కూచ్చున్యా. వచ్చినోళ్ళకు కూడు పెట్టల్ల గదా. అన్నేండ్లు నేను ఎవురి ముందరా ఏడ్వలేదు. ఈ పొద్దు పది మంది ముందర నన్ను ఏడిపిచ్చినావు."

కోపంగా అనలేదు. లెక్క తేడా వచ్చిందని చెప్పినట్టు చెప్పి లేచిపోయింది.

మరుసటి రోజు ఆ అమ్మాయిని అడిగాను, మీ ఇంట్లో ఇలా జరిగిందని నాకెందుకు చెప్పలేదని. "మీరు అడగలేదు గద మేడం. మా జేజి ఇట్ల ఏడ్వలేదని నాకు తెలుసు. మీరు ఇచ్చినారు, బాగుంటాదన్నారు. నేనెట్ల కాదంటాను?"

ఆ రెండు జవాబుల మధ్య నేను ఇప్పటికీ ఇరుక్కునే ఉన్నాను. ఒకరికి ఒక నవల చదవమని చెప్పడం వేరు. నచ్చకపోతే పదో పేజీలో మూసేస్తారు. ఒక పాత్ర చెయ్యమని చెప్పడం వేరు. అక్కడ ఆమె తన ఒళ్ళు, తన గొంతు, తన ఊరి యాస, కొన్నిసార్లు తన ఇంటి చావును కూడా అరువిస్తుంది. పైగా ఆ సలహా సమానుల మధ్య జరిగేది కాదు. మార్కులు వేసే నేను, మార్కులు కావలసిన ఆమె. టౌనులో ఉండి ఫ్యాక్షన్ గురించి కథలు రాసుకునే నేను, దాన్ని ఇంట్లో మోసే ఆమె. "నీకు ఇది బాగా సూటవుతుంది" అని నేనన్న మాటలో ఎంత ఆజ్ఞ ఉందో నాకు వినపడలేదు. ఆమెకు వినపడింది.

నేను రాసిన ఆ ఏడుపు నాకెక్కడిది? నిజాయితీగా వెతుక్కుంటే అది మా జిల్లా పల్లెల నుంచి వచ్చింది కాదు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చిన తర్వాత వరసగా వచ్చిన సినిమాల నుంచి వచ్చింది. వాటిలో సీమ ఆడవాళ్ళకు ఉండే పని దాదాపు ఒకటే, శవం మీద పడటం. స్త్రీవాదిగా ఆ సినిమాలను క్లాసులో విమర్శించిన నేనే అదే ఏడుపును పది నిమిషాలకు కుదించి, చివర కొడవలి లాక్కునే సీను చేర్చి, దాన్ని చైతన్యం అనుకున్నాను.

రంగస్థలం మీద ఆడవాళ్ళు ఏం మాట్లాడాలో ఎవరు ఎంచారన్న ప్రశ్న మన దగ్గర పాతదే. 1885లో మా జిల్లాలోని సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన సురభి కుటుంబాల్లో ఆడవాళ్ళ పాత్రలు ఆడవాళ్ళే వేశారు. ఆ ఊరు చక్రాయపేట మండలంలో ఉంది, పులివెందులకు దూరం కాదు. మిగతా చోట్ల చాలాకాలం స్త్రీ పాత్రలు మగవాళ్ళవే. స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా వేసి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ, స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని పట్టుబట్టారు. గొప్ప మాటే. అయితే వేదిక ఎక్కిన స్త్రీకి ఏ మాటలిచ్చారన్నది వేరే ప్రశ్న. మా పల్లెల్లో పద్యనాటకం ఆడితే ఊరి మగవాళ్ళు హార్మోనియం మాస్టరు దగ్గర నెలల తరబడి నేర్చుకుంటారు, ఆడ పాత్రలకు బయటి ఊరి నుంచి ఆర్టిస్టును మాట్లాడుకుంటారు. ఊరి ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని చూస్తారు. ఆ నటి ఎన్ని ఊళ్ళ ద్రౌపదో, ఎన్ని ఊళ్ళ చింతామణో ఆమెకే తెలియాలి. ఏ పాత్ర కావాలని మాత్రం ఆమెను అడగరు.

2022 జనవరిలో 'చింతామణి' నాటకాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర ఒక సామాజిక వర్గాన్ని కించపరుస్తోందన్నది అభ్యంతరం. వందేళ్ళుగా ఒక కులాన్ని చూపి నవ్వించడం తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ రోజుల్లో నేను విన్న చర్చల్లో చింతామణి వేషం వేసిన స్త్రీలు భరించిన ఈలలూ చూపులూ ఒక్కసారి కూడా రాలేదు. ఆ నాటకం ఆగితే ఆ రాత్రి కూలి పోయేది కూడా వాళ్ళకే. పరువు లెక్క వేసేటప్పుడు వాళ్ళు ఎటువైపూ రాలేదు.

మరి ఎవరి కథ వాళ్ళే చెప్పుకోవాలా? కొన్నాళ్ళు నేను అదే నియమం పెట్టుకున్నాను. అందులో న్యాయముంది. నీళ్ళ చుట్టూ, కులం చుట్టూ నడిచే ఎం.ఎం. వినోదిని నాటకం 'దాహం'ను దళితేతర అమ్మాయిలంతా కలిసి కొంగు చెక్కుకుని వేస్తే చూడటానికి నాకే ఇబ్బందిగా ఉంటుంది. కానీ ఈ నియమాన్ని చివరిదాకా లాగితే ఏమవుతుంది? దళిత అమ్మాయి ఎప్పుడూ అవమానాన్నే ఆడాలి. ఫ్యాక్షన్ ఇంటి పిల్ల ఎప్పుడూ విధవ వేషమే వెయ్యాలి. ఎవరి గాయం వాళ్ళకు ఇచ్చి అక్కడే కూర్చోబెట్టడం అది.

పులివెందులలో ఒక అమ్మాయి మయసభ ఏకపాత్ర చేసింది. 1977 నాటి 'దాన వీర శూర కర్ణ'లో కొండవీటి వెంకటకవి రాసిన ఆ సంభాషణ మగపిల్లలందరి నోళ్ళలోనూ నలిగినదే. దుర్యోధనుడి అహంకారాన్ని ఎనిమిది నిమిషాలు ఒంటినిండా నింపుకుని, మీసం లేని మూతి మెలేసి, ఆ పిల్ల వేదిక మీద నడిచింది. ఇంట్లో గట్టిగా నవ్వనివ్వని పిల్ల. తనది కాని పాత్ర ఇచ్చే స్వేచ్ఛ అంటే అదే. సలహా చెప్పేవాళ్ళు ఆ స్వేచ్ఛను కూడా గుర్తుపెట్టుకోవాలి.

వేరే వాళ్ళ కథ అన్నది కొన్నిసార్లు ఆశ్రయం కూడా. ఇటలీ నటి ఫ్రాంకా రామేను 1973లో కొందరు ఎత్తుకెళ్ళి అత్యాచారం చేశారు. 1975లో ఆమె దాన్ని ఒక ఏకపాత్రగా రాసింది. వేదిక మీద మాత్రం చాలా ఏళ్ళు, ఇది పత్రికలో చదివిన వేరే స్త్రీ వాంగ్మూలం అని చెప్పి ప్రదర్శించింది. అది తన కథేనని 1987లో గానీ బయటపెట్టలేదు. ఆ దూరం లేకుండా ఆమె మాట్లాడగలిగేదా? అందుకని "ఇది నీ సొంత అనుభవమా?" అని నటిని అడగడం కూడా ఇప్పుడు నాకు హింసగానే తోస్తుంది. అడగకపోవడం వల్ల జేజి విషయంలో తప్పు చేశాను. అడిగితే ఆ అమ్మాయిని అక్కడే బోనులో నిలబెట్టేదాన్ని. అడగాల్సింది బహుశా ఇంకొకటి: "ఇది చెయ్యాలని నీకుందా? వద్దంటే నేనేమీ అనుకోను." ఈ రెండో వాక్యాన్ని నమ్మేలా చెప్పడమే కష్టం.

మణిపూర్‌లో కన్హైలాల్ మహాశ్వేతాదేవి 'ద్రౌపది'ని 2000లో నాటకంగా వేసినప్పుడు నటి సావిత్రి చివరి దృశ్యంలో వస్త్రాలు విడిచి సైనికుల ఎదుట నిలబడింది. తిట్టినవాళ్ళున్నారు. 2004లో ఇంఫాల్ కాంగ్లా గేటు ముందు తల్లులు నిజంగానే అలా నిలబడ్డారు. ఆ నటిది దశాబ్దాల సాధన, తన నిర్ణయం. అలాంటి దాన్ని ఇరవై ఏళ్ళ పిల్లకు షీల్డు కోసం సిఫారసు చెయ్యగలమా? రచన గొప్పదా కాదా అన్నది ఒక ప్రశ్న. ఫలానా మనిషి ఫలానా ఊళ్ళో దాన్ని వేసి మర్నాడు బస్సెక్కి ఇంటికి పోగలదా అన్నది ఇంకో ప్రశ్న. విమర్శకులం మొదటిదానికి అలవాటుపడ్డాం. రెండోదానికి మన దగ్గర భాష తక్కువ.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేవాటిలో ముందుండేది సుసాన్ గ్లాస్పెల్ 1916లో రాసిన 'ట్రైఫిల్స్'. ముగ్గురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక వంటిల్లు. భర్తను చంపిందన్న ఆరోపణతో జైల్లో ఉన్న ఇంటావిడ వేదిక మీదికే రాదు. సాక్ష్యం కోసం మగవాళ్ళు ఇల్లంతా తిరుగుతారు. వంటింట్లో ఏముంటాయి, అన్నీ చిల్లర విషయాలే అని నవ్వుతారు. అక్కడే ఇద్దరు స్త్రీలకు మెడ విరిగిన పిట్ట దొరుకుతుంది, వాళ్ళు దాన్ని దాచేస్తారు. అయోవాలో విలేఖరిగా తాను రాసిన ఒక హత్య కేసు నుంచి గ్లాస్పెల్ దీన్ని అల్లింది. ఆ లేని మనిషి బదులు ఎవరూ ఏడవరు, ఆమె గొంతును ఎవరూ అరువు తీసుకోరు. సాక్ష్యం చెప్పడమంటే ఏమిటో, చెప్పకపోవడం ఎప్పుడు న్యాయమో మా ప్రాంతం ఆడవాళ్ళకు వివరించనక్కర్లేదు. ఇద్దరే నటులుంటే స్ట్రిండ్‌బర్గ్ 1889 నాటి 'ది స్ట్రాంగర్' చెబుతాను. ఒకావిడ మాట్లాడుతూనే ఉంటుంది, ఇంకొకావిడ ఒక్క మాటా అనదు. ఆ మాట్లాడని పాత్రకు ప్రైజ్ ఇవ్వగల న్యాయనిర్ణేతలు కావాలని కూడా చెబుతాను. గుంపుగా చెయ్యాలంటే తెలుగు సాహిత్యంలోని నాయికలను ఒకచోట చేర్చి మాట్లాడించిన ఓల్గా 'వాళ్ళు ఆరుగురు' ఉంది. 'దాహం' కూడా చెబుతాను, ఎవరు ఏ పాత్ర వేస్తున్నారో ముందుగా కూర్చుని మాట్లాడుకోమని చెప్పి.

పరిషత్తుల వాళ్ళకూ, కాలేజీ పోటీలు పెట్టేవాళ్ళకూ ఒక మాట. గంట కొట్టేలోపు కన్నీళ్ళు తెప్పించినవాళ్ళకే మార్కులు పడుతున్నంతకాలం నాలాంటి వాళ్ళు ఏడుపులే రాస్తారు, పిల్లలు అవే అడుగుతారు. సలహా ఇచ్చేవాళ్ళను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు.

ఆ అమ్మాయి మరుసటి ఏడు నేను రాసింది పక్కన పెట్టి తనే ఒకటి తయారు చేసుకుంది. పొయ్యి ముందు ఒక ఆడమనిషి. బయట ఏమైందో చెప్పదు. ఎంతమందికి అన్నం పెట్టాలో లెక్క వేసుకుంటూ ఉంటుంది, మధ్యలో ఒక మనిషిని తగ్గించి మళ్ళీ లెక్క మొదలుపెడుతుంది. అంతే. ప్రైజ్ రాలేదు. "ఎమోషన్ చాలలేదు" అన్నారు. వాళ్ళ జేజిని ముందే అడిగిందట. "చేసుకో, నా పేరు మాత్రం చెప్పాకు" అందట. చూసొచ్చాక ఇంకో మాట కూడా అందట: "సంగటి అట్ల కెలకరు. నేర్పిస్తా రా."

ఇదంతా ఇక్కడ రాస్తూ నేను మళ్ళీ అదే పని చేస్తున్నానా? ఆ అనుమానంతోనే పోయి అడిగాను. పేరు రాయను, ఊరు రాయను అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఏడ్చినానని మాత్రం రాయాకు" అంది.

నేను రాసిన పాత ఏకపాత్ర కాపీ కావాలని ఇప్పటికీ అడుగుతారు. నా దగ్గర ఉంది, ఇవ్వను. ఆ అమ్మాయి చేసుకున్న కొత్తది కూడా అడుగుతారు. అది ఇవ్వడానికి నాది కాదు, ఆమెను అడగమంటాను. మిగిలినవాటికి రెండు రోజులు టైమ్ కావాలి.