పాట ముగిసిన తరువాత

మూలవాక్యము: కీర్తనలు 15:4



పదునైదవ కీర్తనలో దావీదు ఒక ప్రశ్న వేయుచున్నాడు. దేవుని గుడారములో అతిథిగా ఉండతగినవాడెవడు? ఆయన పరిశుద్ధ పర్వతముమీద కాపురముండతగినవాడెవడు? దీనికి జవాబుగా అతడు అర్పించిన బలుల సంఖ్యనుగాని, చేసిన ఉపవాసముల లెక్కనుగాని చెప్పలేదు. నాలుకను గూర్చియు, పొరుగువానిని గూర్చియు, డబ్బును గూర్చియు చెప్పెను. ఆ గుణములలో ఒకటి నాల్గవ వచనము చివర ఉన్నది. తనకే నష్టము వచ్చునని తెలిసినను, ఇచ్చిన మాటను మార్చనివాడు దేవుని యొద్ద ఉండతగినవాడని దాని భావము. ఈ నెల మనము ఆ చిన్న మాటయొద్ద కొంచెము సేపు ఆగి ధ్యానింతము.

కోత పండుగనాడు మన సంఘములలో జరుగునది మీరెరుగుదురు. ఒకరు వడ్లబస్తాయు, ఒకరు గుమ్మడికాయయు, ఒకరు కోడిపుంజును, ఒకరు అరటిగెలయు తెచ్చి ప్రభువు సన్నిధిని పెట్టుదురు. ఆరాధన ముగియగానే ఆవరణములో వేలంపాట జరుగును. సంఘపెద్ద ఒకరు నిలువబడి “ఒకటోసారి, రెండోసారి” అని కేకవేయును. “మూడోసారి” అనువరకు ఎవరైనను పాట పెంచవచ్చును. మూడోసారి అన్న పిదప మరి మాటలేదు, గుమ్మడికాయ పాడుకొన్నవానిదే. అప్పుడు దానిని తెచ్చినవాడు లేచి, “ధర చాలలేదు, నా కాయ నేను ఇంటికి తీసికొనిపోవుదును” అనినయెడల చిన్నపిల్లలు సహితము నవ్వుదురు.

అయితే ఊరివారందరి యెదుట ఎవడును చేయ సాహసింపని ఈ పనిని, మనిషి ముఖము కనబడని చోట అనేకులు చేయుచున్నారు. ఈ కాలమున వేలంపాట ఇంటర్నెట్ లోనికి కూడ వచ్చినది. అమెరికాలో 1995వ సంవత్సరమున ఈబే అను సంస్థ ఆరంభమాయెను. అమ్మదలచినవాడు తన వస్తువు ఫోటో పెట్టును; కొనదలచినవారు తమ తమ ఇండ్లలో కూర్చుండి పాట పాడుదురు; నియమించిన గడియ రాగానే పాట ముగియును; ఎక్కువ పాడినవానికి ఆ వస్తువు దక్కును. మన దేశములో కూడ 2000లో ఆరంభమైన బాజీ డాట్ కామ్ ను ఈ సంస్థ 2004లో కొని నడిపెను. ఆ ఇండియా శాఖ 2018లో మూతపడినను ఇతర దేశములలో ఈ వ్యాపారము సాగుచునే యున్నది. చదువులకును ఉద్యోగములకును అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లిన మన బిడ్డలలో కొందరు తమ పాత సామానులను ఈ విధముగానే అమ్ముకొనుచున్నారు.

ఇందులో ఒక చెడుగు కలదు. పాట ముగియును; అమ్మువాడు ఆశించిన ధర రాదు. లేదా, మరునాడు మరియొకడు ఎక్కువ ఇత్తునని చెవిలో చెప్పును. వెంటనే పాడుకొన్నవానికి ఒక ఉత్తరము వెళ్లును: “వస్తువు పగిలిపోయినది,” “పోగొట్టుకొంటిని,” “పొరపాటున అమ్మకమునకు పెట్టితిని.” వస్తువేమో బీరువాలో క్షేమముగా నున్నది. మాట తప్పుట ఒక పాపము. దానిని కప్పుటకు అబద్ధమాడుట రెండవ పాపము.

లోక న్యాయస్థానములు సహితము దీనిని తేలికగా తీసికొనలేదు. జర్మనీ దేశములో ఒకడు తన పాత ఫోక్స్ వ్యాగన్ పస్సాట్ కారును ఒక యూరో మొదటి ధరకు ఈబేలో వేలమునకు పెట్టెను. ఒకడు పాట పాడెను. కొన్ని గంటలలోనే అమ్మువానికి బయట 4,200 యూరోలిచ్చు మనిషి దొరకగా, అతడు వేలమును నడుమనే ఆపివేసెను. ఆ సమయమునకు పాట ఒక్క యూరోయే. దావా ఆ దేశపు ఉన్నత న్యాయస్థానమువరకు వెళ్లెను. 2014 నవంబరులో వచ్చిన తీర్పు ప్రకారము అమ్మువాడు 5,249 యూరోలు నష్టపరిహారము చెల్లింపవలసి వచ్చెను. ఆస్ట్రేలియాలో మరియొకడు 1946 నాటి వైరవే అను పాత యుద్ధవిమానమును 1,50,000 డాలర్లకు ఇట్లే అమ్మి, మరియొకడు ఇంకను ఎక్కువ ఇత్తుననగా ఇవ్వననెను. 2007లో సిడ్నీలోని న్యాయస్థానము, ఒప్పుకొన్న ధరకే విమానమును అప్పగింపుమని ఉత్తరువు చేసెను.

న్యాయస్థానము బలవంతముగా చేయించుదానిని క్రైస్తవుడు ఇష్టపూర్వకముగా చేయవలెను. కాబట్టి ఈ విషయమై మూడు సంగతులు ఆలోచింతము.

మొదటిది: మాట ఇచ్చుటకు ముందు మనకు స్వాతంత్ర్యము కలదు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో పేతురు అననీయతో మాటలాడిన తీరు చూడుడి. పొలము అమ్మకముందు అది నీదే కదా, అమ్మిన పిమ్మట డబ్బును నీ వశమందే యుండెను కదా అని అతని నడిగెను. అమ్మవలెనని ఎవరును బలవంతము చేయలేదు. అతని పాపము పొలము ఉంచుకొనుట కాదు, అబద్ధమాడుట. అట్లే, ఇంత ధరకు తక్కువైనచో అమ్మనని ముందుగానే కనీస ధర పెట్టుకొనుటకు ఈబే వంటి చోట్ల వీలున్నది. మన ఊళ్లలో దానిని సర్కారు పాట అందురు. దానిని పెట్టుకొనుట పాపము కాదు. కాని పదిమందిని ఆకర్షించుటకై తక్కువ ధర చూపి, పాట తక్కువకు ముగిసినప్పుడు కనీస ధర జ్ఞాపకము చేసికొనుట మోసము. మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలని ప్రసంగి 5వ అధ్యాయము నేర్పుచున్నది. ఔనని పలుకకముందు పదిసార్లు ఆలోచించుము. పలికిన తరువాత ఆలోచింపవలసినది ఎట్లు నెరవేర్చవలెననునదే.

రెండవది: మాట ఇచ్చిన తరువాత ఆ వస్తువు మనది కాదు. మన దేశపు 1930 నాటి సరకుల విక్రయ చట్టము 64వ సెక్షనులో, వేలము వేయువాడు సుత్తి కొట్టి గాని వాడుకలోనున్న మరియొక రీతిగా గాని ప్రకటించుటతో అమ్మకము పూర్తియగునని యున్నది. అంతవరకు పాడినవాడు తన పాటను వెనుకకు తీసికొనవచ్చును. అదే చట్టము 20వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందమేదియు లేనప్పుడు, అప్పగించుటకు సిద్ధముగానున్న ఫలాని వస్తువును బేషరతుగా అమ్మినయెడల, ఒప్పందము కుదిరిన క్షణముననే అది కొన్నవానిదగును; డబ్బు తరువాత ఇచ్చినను, సరకు తరువాత పంపినను సరే. లోక చట్టమే ఇంత చెప్పుచుండగా, ఆ వస్తువు ఇంకను నా గదిలోనున్నది గనుక నాదేయని క్రైస్తవుడెట్లు అనగలడు? అది అతని యింట నున్న పరాయి సొత్తు.

ఆదికాండము 23వ అధ్యాయములో అబ్రాహాము శారాను పాతిపెట్టుటకు మక్పేలా గుహను కొన్న సంగతి చదువుడి. ఎఫ్రోను నాలుగువందల తులముల వెండి ధర చెప్పెను. అబ్రాహాము బేరమాడక, ఊరిగవిని యొద్ద హేతు కుమారులు వినుచుండగా వెండి తూచి ఇచ్చెను. పొలము, దానిలోని గుహ, పొలిమేరలోపలి చెట్లు సహితము అతనికి స్థిరమాయెను. ఆ తరువాత ఎఫ్రోను వచ్చి, “చెట్లమాట మరచితిని, ఇంకొంత ఇమ్ము” అన్నట్లు వ్రాయబడలేదు. ఆ గుహలోనే ఇస్సాకును యాకోబును కూడ పాతిపెట్టబడిరి. ఒక అన్యుడు ఒక పరదేశితో ఆడిన మాట తరతరములు నిలిచినది.

మూడవది: మాట తప్పుటవలన నష్టపోవువాడు బలహీనుడు, అతని మొర దేవుడు వినును. యిర్మీయా 34వ అధ్యాయములో ఒక భయంకరమైన సంగతి కలదు. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించినప్పుడు రాజైన సిద్కియాయు ప్రజలును తమ హెబ్రీ దాసదాసీజనమును విడిపింతుమని దేవుని మందిరములోనే నిబంధన చేసిరి, విడిపించిరి. శత్రుసైన్యము కొంచెము వెనుకకు పోయెను. వెంటనే మనస్సు మార్చుకొని వారిని మరల పట్టి తెచ్చి దాసులుగా చేసికొనిరి. అవసరము తీరగానే మాట బరువాయెను. దేవుడు దీనిని తన నామమునకు జరిగిన అవమానముగా ఎంచి, ఆ పట్టణమును కత్తికిని, తెగులుకును, కరవుకును అప్పగించెదనని ప్రవక్తద్వారా చెప్పించెను. వేలములో పాడుకొన్నవానిని గూర్చి కూడ ఇట్లే ఆలోచింపుడి. వస్తువు దొరకినదని అతడు వేరొకచోట వెదకుట మానెను. డబ్బు కట్టి యెదురుచూచుచుండెను. డబ్బు తిరిగి వచ్చినను పోయిన అవకాశము తిరిగి రాదు. జర్మనీలోను ఆస్ట్రేలియాలోను దావా వేసినవారు వేయగలిగిరి. పాత కుట్టుమిషను పాడుకొన్న బీద స్త్రీ ఏ న్యాయస్థానమునకు పోగలదు? కూలివారి మొర సేనల ప్రభువు చెవులలో చొచ్చినట్లు యాకోబు 5వ అధ్యాయములో చదువుచున్నాము. ఆమె మొరకును ఆయన చెవులు మూయబడవు.

ఇది మన బిడ్డలకు వచ్చు శోధనయే. మన ప్రాంతమునుండి అమెరికాకు చదువుకొనుటకు వెళ్లిన ఒక యౌవనుడు ఫోనులో నన్ను ఇట్లు అడిగెను: “అయ్యగారూ, నా కెమెరా వేలానికి పెట్టాను. రెండు వందల డాలర్లకు పాట ముగిసింది. ఇప్పుడు ఇంకొకాయన నాలుగు వందలు ఇస్తానంటున్నాడు. కెమెరా పగిలిపోయిందని మొదటాయనకు వ్రాస్తే ఆయన డబ్బు ఆయనకు తిరిగి వెళ్లిపోతుంది. ఎక్కువ వచ్చింది చెల్లాయి హాస్టలు ఫీజుకు పంపుదామని. ఇందులో తప్పుందా?”

“నాయనా, ఆ కెమెరా ఇప్పుడెవరిది?” అని అడిగితిని.

అతడు కొంతసేపు మాటలాడలేదు. “మొదటాయనదే,” అనెను.

“ఆయన కెమెరాను నీవు అమ్మి చెల్లెలి ఫీజు కడితే, ఆ ఫీజు ఎవరు కట్టినట్లు?”

ఆ మరునాడే అతడు కెమెరాను మొదటివానికి పంపెను. చెల్లెలి ఫీజు ఆలస్యముగానే కట్టబడెను. ఆలస్యమునకు జరిమానాయు పడెను. దేవుడు రెట్టింపు తిరిగి ఇచ్చునని నేనతనికి మాట ఇవ్వలేదు; ఏలయనగా ఈ కీర్తన అట్లు చెప్పుట లేదు. నష్టము నష్టమేయని కీర్తనకారుడు ఒప్పుకొనుచున్నాడు. అయితే ఇట్టివాడు ఎన్నడును కదల్పబడడని చివర చెప్పుచున్నాడు. రెండు వందల డాలర్లు పోవుట ఒక నష్టము. దేవుని గుడారములో చోటు పోవుట వేరొక నష్టము. ఏది పెద్దదో మీరే తూచుకొనుడి.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. పాట ముగిసిన పిమ్మట వస్తువు నిజముగానే పగిలినయెడల, ఉన్నదున్నట్లు చెప్పి, డబ్బంతయు ఆలస్యము చేయక తిరిగి ఇచ్చి, ఖర్చు తానే భరించినవాడు మాట తప్పినవాడు కాడు. అట్లే పాట పాడి, గెలిచి, డబ్బు కట్టక మాయమగువాడు అమ్మువానికంటె నీతిమంతుడు కాడు. అవునన్నది అవునుగా, కాదన్నది కాదుగా ఉండవలెనని మన ప్రభువు కొండమీద చెప్పినది ఇద్దరికిని చెల్లును.

ఇంటర్నెట్ ఎరుగనివారు ఈ వాక్యము మనకు కాదని తలంపవలదు. పాడిగేదెకు బయానా తీసికొని, సంతలో ధర పెరిగినదని తిరిగి ఇచ్చివేయుట మన వీధులలో లేదా? ఎకరము పొలము ఒకరికి ఒప్పుకొని, రోడ్డు పడునని వినగానే కాగితము వ్రాయక తిప్పుచుండుట లేదా? యంత్రము క్రొత్తదే గాని పాపము పాతదే.

ప్రియులారా, మాట తప్పని దేవుడు మనకు కలడు. మనలను విలువపెట్టి కొనుటకు కుమారుడు ఒప్పుకొనెను. గెత్సేమనే తోటలో ఆ వెల ఎంతయో ఆయనకు తేటగా కనబడెను. ఆయన చెమట రక్తబిందువులవలె నేల పడెను. అయినను ఆయన వెనుకకు తీయలేదు. అట్టి వెలకు కొనబడిన మనము, కొన్ని రూపాయల తేడాకు మాట మార్చుట తగునా? ఎవరికైనను మాట ఇచ్చి తప్పినవారు మనలోనున్నయెడల, ఈ వారమే వారియొద్దకు వెళ్లుడి, దూరస్థులైనచో వ్రాయుడి. ఇంకను ఇవ్వగలిగినచో వస్తువును ఇచ్చివేయుడి. లేనిచో నష్టము పూరించుడి. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇత్తుననగా, ఆ యింటికి రక్షణ వచ్చెనని ప్రభువు సెలవిచ్చెను.

ప్రార్థన: నమ్మకమైన మా తండ్రీ, మా పెదవులు పలుకునది మా చేతులు చేయునట్లు కృప దయచేయుము. నష్టము వచ్చు దినమున మాట తప్పు బుద్ధినుండి మమ్మును కాపాడుము. దూరదేశములలోనున్న మా బిడ్డలను, ఎవరును చూడని చోట నీవు చూచుచున్నావను ఎరుకలో నిలుపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.