చౌర్యనిషేధము – నిరపరాధి రక్షణము

బసవేశ్వరుడు బోధించిన సదాచారమునకు మొదటి మెట్టు పరధనమును అపహరింపకుండుట. పరధనమనగా ధాన్యము, బంగారము మాత్రమే కాదు. ఒకడు వ్రాసిన గ్రంథము, కూర్చిన పాట, తీసిన చలనచిత్రము అతని కాయకఫలములే. అనుమతి లేక వాటికి దొంగప్రతులు తీసి అమ్ముట కాయకద్రోహము. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము దీనిని నేరముగా ఎంచుచున్నది. ఇందు వివాదము లేదు.

అయితే దొంగకై పన్నిన వలలో నిరపరాధి చిక్కినచో ఆ దోషమెవరిది? ధర్మమును కోరువారు విచారింపవలసిన ప్రశ్న ఇదియే.

2017 ఆగస్టులో రెండు హిందీ చిత్రముల చౌర్యమును అరికట్టుమని నిర్మాతలు కోరగా, మద్రాసు హైకోర్టు 2,600కు పైగా వెబ్‌సైట్లను నిలుపుదల చేయుమని ఉత్తర్వులిచ్చెను. వారి జాబితాలో ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ అను గ్రంథభాండారమును చేరియుండెను. అచట లక్షలాది గ్రంథములు ఉచితముగా లభించును. అంగళ్లలో దొరకని పాత తెలుగు పుస్తకములును పెక్కు కలవు. చిత్రచౌర్యమును ఆపబోయి గ్రంథాలయమునకే తాళము వేసినట్లయ్యెను. తమకు ముందుగా తెలియజేయలేదని ఆ సంస్థవారు చెప్పిరి. కొన్ని దినములకు తాళము తొలగినది. కాని ఆ దినములలో పుస్తకమునకై వచ్చి వెనుదిరిగిన చదువరి చేసిన అపరాధమేమి?

ఫ్రాన్సు దేశమునను ఇట్టి సమస్యయే తలయెత్తెను. మాటిమాటికి దొంగప్రతులు దింపుకొనిరని తోచిన ఇంటికి ఇంటర్నెట్టును ఏడాది వరకు నిలిపివేయు అధికారమును 2009లో చేసిన చట్టము న్యాయాధిపతికి గాక ఒక పరిపాలనా సంస్థకు ఒసగెను. అన్యుడెవడో తన కనెక్షనును వాడెనని గృహస్థుడే ఋజువు చేసికొనవలసియుండెను. ఆ యేడు జూన్ 10న రాజ్యాంగమండలి ఆ భాగమును కొట్టివేసెను. భావప్రకటన స్వేచ్ఛను హరించు అట్టి శిక్షను న్యాయస్థానమే విధింపవలెననియు, ఋజువు కాకమునుపే మనుజుని దోషిగా తలపరాదనియు ఆ తీర్పు సారాంశము.

“విచారణ ముగియులోపల చిత్రము ఊరూర పాకిపోవును, నిర్మాత గతియేమి?” అని కొందరందురు. వారి బాధ సత్యమే. అందులకు మార్గము మన చట్టముననే కలదు. 2012 సవరణను, 2013 నియమములను అనుసరించి, ఫిర్యాదు అందిన 36 గంటలలో ఆ దొంగప్రతిని నిలుపవలెను. 21 దినములలో న్యాయస్థానపు ఉత్తర్వు రానిచో మరల తెరువవచ్చును. వేగమును కలదు, విచారణయు కలదు. నిలుపునది ఒక్క ప్రతినే గాని భాండారమునంతను కాదు.

అనుభవమంటపమున చెప్పులు కుట్టువాడును, చాకలియు, మంత్రియు సమముగా మాటలాడిరి. ఎదుటివాని మాట వినక తీర్పు చెప్పుట శరణుల మార్గము కాదు. కావున లింగవంతుల యిండ్లలో దొంగప్రతి చూడరాదు, పరులకు పంపరాదు. వచనగ్రంథములు అచ్చువేయు మఠములు, ప్రతులు తీసికొనుటకు అనుమతి కలదో లేదో మొదటి పుటలోనే తెలుపుట మేలు. చౌర్యము పాపము; విచారింపక ఒకని చోరుడనుటయు పాపమే. ఒక పాపమును అణచుటకు రెండవదానిని చేయుట ధర్మము కానేరదు.