క్షమయు న్యాయమును

తనకు అన్యాయము చేసినవారిని ద్వేషింపనివాడు ఆ అన్యాయమును ఒప్పుకొన్నట్లేనా? అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటగాడు బక్ ఓనీల్ జీవితమును చూచునప్పుడు మనకీ ప్రశ్న కలుగును.

ఆయన 1911లో ఫ్లోరిడా రాష్ట్రములో జన్మించెను. చిన్నతనమున సెలరీ తోటలలో కూలిపని చేసెను. సరసోటా పట్టణపు హైస్కూలు తెల్లవారికి మాత్రమే గనుక ఆయనకు ప్రవేశము దొరకలేదు. పెద్ద లీగులలోను నల్లజాతివారికి చోటు లేదు. అందుచేత నీగ్రో లీగులనబడిన వేరు పోటీలలో కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టున ఆడి, పిమ్మట దానికి మేనేజరాయెను. 1947లో జాకీ రాబిన్సన్ పెద్ద లీగుల అడ్డుగోడను దాటునప్పటికి ఓనీల్‌కు 35 ఏండ్లు. ఆటగాని ప్రాయము దాదాపు గడచిపోయెను. 1962లో చికాగో కబ్స్ వారు ఆయనను శిక్షకునిగా నియమించిరి. పెద్ద లీగులలో ఆ పని పొందిన మొదటి నల్లజాతివాడు ఆయనే.

2006లో కూపర్స్‌టౌనులోని బేస్‌బాల్ కీర్తిమందిరమున నీగ్రో లీగుల కాలమునకు చెందిన 17 మందికి స్థానమిచ్చిరి. వారిలో ఒక్కరును సజీవులు కారు. 94 ఏండ్ల ఓనీల్ పేరు ఆ జాబితాలో లేదు. అయినను వారి పక్షమున మాటలాడుమని అడుగగా ఆయన వెళ్లెను. తన తల్లిని చంపిన క్యాన్సరును ద్వేషింతునుగాని, దేవుడు చేసిన మనుష్యుని ద్వేషింపజాలనని చెప్పెను. సభవారందరిచేత చేతులు పట్టించి పాట పాడించెను. ఆ అక్టోబరులోనే కన్నుమూసెను.

పరుల సంతోషములో పాలుపొందుమని రోమా పత్రిక 12వ అధ్యాయము నేర్పుచున్నది. తన పేరు లేని పండుగలో ఆ మాట నెరవేర్చుట ఎంత కష్టమో మనమెరుగుదుము.

అయితే ఓనీల్ ద్వేషమును విడిచెను గాని నోరు మూసికొనలేదు. కాన్సాస్ సిటీలో 1990లో స్థాపింపబడిన నీగ్రో లీగుల మ్యూజియము కొరకు తుదివరకు పాటుపడెను. మరుగుపడిన ఆటగాండ్ర పేర్లు లోకమునకు చెప్పుచునే యుండెను. జరిగినదానిని జ్ఞాపకము చేయుట పగ కాదు.

క్షమ బాధపడినవాడు ఇచ్చు దానము. బాధపెట్టినవాడు చూపుకొను రసీదు కాదు. ‘ఆయనే కోపగింపలేదు, ఇక మనకేల?’ అని ఊరకుండినవారి బాకీ తీరదు. సరసోటా హైస్కూలు పట్టా ఆయనకు 1995లో చేరెను. కీర్తిమందిరము ఆయనను 2022లో చేర్చుకొనెను. అప్పటికి ఆయన గతించి 15 సంవత్సరములు దాటెను.

ప్రియులారా, మన ఇంటను, మన సంఘములోను ఎవరి ఓర్పును చూచి మనము నిశ్చింతగా ఉన్నాము? వారి ఓర్పును పొగడుటకు ముందు, వారికి రావలసినదానిని వారు బ్రదికియుండగనే చెల్లింతము.