మట్టిలో దాచిన వేరు

ధ్యాన భాగం: యోబు 14:7–15

మే నెలలో కడప, కర్నూలు వైపు ఏ పెరట్లోనైనా పిల్లిపీచర పాదు చూస్తే పీకి పారేద్దామనిపిస్తుంది. సన్నటి ఆకులన్నీ పసుపు తిరిగి రాలిపోయి ఉంటాయి. ముళ్ళతో ఉన్న ఎండుతీగ ఒక్కటే కర్రను పట్టుకుని ఉంటుంది. ఆయుర్వేదంలో శతావరి అనేది దీన్నే. నల్లమలలో, లంకమలలో, శేషాచలంలో రాళ్ళ సందుల్లో తనంతట తానే పెరుగుతుంది. బాలింతకు పాలు పడాలని దీని గడ్డల పొడి పాలలో కలిపి ఇవ్వడం పెద్దవాళ్ళ నాటి అలవాటు.

పైన ఎండిన ఆ తీగ కింద, జానెడు లోతులో, గుత్తిగా తెల్లటి గడ్డలుంటాయి. వానాకాలంలో తాగిన నీళ్ళు, కూడబెట్టుకున్న తిండి వాటిలో ఉంటాయి. నీళ్ళు దొరకని కాలంలో పైభాగాన్ని వదులుకుని వేరును కాపాడుకోవడం ఈ మొక్కకు సృష్టికర్త ఇచ్చిన తెలివి.

దీన్ని పెంచేవాళ్ళకు ముంగారు వానలే మొదలు. మృగశిర కార్తెలో నేల తడిశాక నాటుకుంటే మంచిది. విత్తనమైతే మొలవడానికి నెల దాకా పట్టవచ్చు. అందుకే చాలామంది మొగ్గలున్న మొదలును విడదీసి పెట్టుకుంటారు. ఎర్రనేలలో ఇబ్బంది లేదు. కర్నూలు వైపు నల్లరేగడిలో నీళ్ళు నిలిస్తే గడ్డ కుళ్ళిపోతుంది కాబట్టి పాదు ఎత్తు చేసి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. పాకడానికి ఒక కర్ర నాటాలి. కలుపు తీసేటప్పుడు ముళ్ళు గీచుకుంటాయి, ఓర్చుకోవాలి. వానలు నిలదొక్కుకున్నాక సన్నటి తెల్లపూలు విరగబూస్తాయి, పెరడంతా కమ్మని వాసన, తేనెటీగల సందడి. ఆ తర్వాత ఎర్రటి కాయలు.

గడ్డ మీద మాత్రం ఏడాదిన్నర, రెండేళ్ళ దాకా చెయ్యి వేయకూడదు. తవ్విన రోజు కూడా చుట్టూ ఉన్నవి తీసుకుని, మొగ్గలున్న మొదలును మళ్ళీ మట్టిలో పెట్టి కప్పాలి. చలిదేశాల వాళ్ళు కూరకు పెంచుకునే ఆస్పరాగస్ దీని బంధువే. దాన్ని కూడా మొదటి రెండేళ్ళు కోయకుండా వదిలేస్తారు. అలా ఓపిక పడితే పదిహేనేళ్ళకు పైగా పిలకలిస్తూనే ఉంటుంది. అక్కడ ఆ మొక్కకు విశ్రాంతినిచ్చేది చలి. మన దగ్గర ఆ పని ఎండ చేస్తుంది.

ఎండను మనం అలా ఎప్పుడూ చూడం. చూడలేకపోవడంలో తప్పు లేదు కూడా. ఏడాది మొత్తానికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే కడప జిల్లాలో, అదీ వేళకు రాకపోతే, జరిగేదేమిటో మనకు తెలుసు. పొలాలు బీడుపడ్డాయి, తల్లులు బిడ్డలను అవ్వల దగ్గర వదిలి కువైట్‌కు వెళ్ళారు. కరవు మంచిదని దేవుని పేరు పెట్టి చెప్పడం నాకు చేతకాదు. యోబు కూడా అలా చెప్పలేదు.

ఈ రోజు భాగాన్ని మనం తరచుగా సగం చదివి ఆపేస్తాం. నరికిన చెట్టుకు కూడా ఆశ ఉందని, దాని వేరు మట్టిలో ముసలిదైపోయినా నీటి వాసన తగిలితే చిగురిస్తుందని యోబు అంటాడు. అక్కడ ఆపితే అది ఓదార్పు మాట. కానీ ఆయన ఆగలేదు. చెట్టుకున్న ఆ ఆశ మనిషికి లేదే అని వెంటనే ఏడ్చాడు. బిడ్డలను మట్టికిచ్చిన తండ్రి చిగురును చూసి అసూయపడ్డాడు. బైబిలు ఆ ఏడుపును దిద్దకుండా అలాగే ఉంచింది.

ఆ ఏడుపులోనే ఆయన అడిగినదేమిటో చూడండి. నన్ను పాతాళంలో దాచు, నీ కోపం దాటిపోయేదాకా మరుగున ఉంచు, నాకొక గడువు పెట్టు, ఆ వేళకు నన్ను జ్ఞాపకం చేసుకో అని అడిగాడు. నువ్వు పిలిస్తే పలుకుతాను, నీ చేతులతో చేసినదాని మీద నీకు మమకారం ఉంటుంది అన్నాడు. తనకు లేదని ఏడ్చిన ఆ వేరు బతుకునే దేవుణ్ణి అడిగాడు యోబు. ఆయన అడిగినదానికి జవాబు మనం చూశాం. మన ప్రభువును సమాధిలో దాచారు, గడువు పెట్టి మూడవనాడు తండ్రి ఆయనను లేపాడు.

ప్రార్థన చేయడానికి కూర్చుంటే ఒక్క మాట రాని కాలం కొందరికి ఇప్పుడు నడుస్తూ ఉంటుంది. గుడికి రావడం మానేసిన కొడుకు, భర్త పోయాక పాట ఎత్తని అక్క మన మధ్యే ఉన్నారు. వాళ్ళలో విశ్వాసం ఉందా లేదా అని ప్రశ్నలు వేసి తవ్వి చూడాలనిపిస్తుంది మనకు. ఎండాకాలంలో గడ్డను పెకలించి చూసి మళ్ళీ పూడిస్తే లేత వేళ్ళు తెగుతాయి. పాదు మీద ఎండుటాకులు కప్పి, ఎప్పుడైనా కాస్త తడిపి, ఎవరూ తొక్కకుండా చూసుకోవడమే అప్పటి సేవ. ఆ అక్క ఇంటికి వెళ్ళి ఏమీ అడగకుండా కాసేపు కూర్చుని రండి. ఆ కొడుకు పేరు సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఎత్తండి, అతని తప్పులు ఎత్తకండి.

ప్రార్థన: తండ్రీ, మా వేళ్ళు ఎక్కడున్నాయో మాకన్నా నీకే బాగా తెలుసు. మాట రానివాళ్ళ తరఫున ఈ పూట మేము మాట్లాడుతున్నాము. వాళ్ళను దాచు, వాళ్ళకు పెట్టిన గడువు మరువకు. కువైట్‌లో ఉన్న తల్లులను, ఇక్కడ అవ్వల ఒడిలో ఉన్న బిడ్డలను కాపాడు. ఈ ఏడు మా నేలకు వేళకు వాన ఇవ్వు. యేసు నామంలో వేడుకుంటున్నాము. ఆమెన్.